లాగిన్ తెర నిజం చెప్పాలి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్లను పారేయడం ఇష్టంలేనివాళ్లు ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ వేసుకుంటున్నారు. మంచి నిర్ణయమే. తీరా అంతా పూర్తయి రీబూట్ అయ్యాక, కాసేపటి కిందట తామే పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను లాగిన్ తెర ఒప్పుకోకపోతే?

అలాంటప్పుడు ఎవరైనా తమ జ్ఞాపకాన్నే అనుమానిస్తారు. ముందు అనుమానించాల్సింది కీబోర్డును. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రిటిష్ ఇంగ్లిష్ లేఅవుట్, లాగిన్ దగ్గర అమెరికన్ లేఅవుట్ ఉన్నాయనుకుందాం. షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే మొదటిదాంట్లో కొటేషన్ గుర్తు, రెండోదాంట్లో ఎట్ గుర్తు పడతాయి. ఎట్ గుర్తున్న పాస్‌వర్డులు మన దగ్గర కోకొల్లలు. తెలుగు టైపింగ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే జే నొక్కినచోట ‘ర’, హెచ్ నొక్కినచోట ‘ప’ వస్తాయి. తెరమీద మాత్రం చుక్కలే. పక్కన ఎవరూ లేనప్పుడు, యూజర్ పేరు రాసే గడిలో అదే పాస్‌వర్డ్ కొట్టి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. ఎంటర్ మాత్రం నొక్కకుండా చెరిపేయాలి.

ఇంకో రకం తంటా ఉంది. పాస్‌వర్డ్ కొట్టగానే తెర క్షణంపాటు నల్లబడి, ఏ మాటా చెప్పకుండా మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. ఇక్కడ పాస్‌వర్డ్ తప్పు దాదాపు ఉండదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కంగారు పడక్కర్లేదు. లోపలికి వెళ్లగలిగితే పాస్‌వర్డ్ సరైనదే. డిస్క్ నిండిపోయిందా, ఎన్‌విడియా డ్రైవర్ సరిగ్గా పడలేదా, సుడోతో గ్రాఫికల్ ప్రోగ్రామ్ నడిపినందువల్ల హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్ రూట్ అనే అడ్మిన్ ఖాతా పేరిట మారిపోయిందా అన్నవి చూసుకోవాలి. డిస్క్‌లో కాస్త చోటు ఖాళీ చేస్తేనో, ఆ ఫైల్‌ను మళ్లీ యూజర్ పేరిట మారిస్తేనో చాలాసార్లు దారి తెరుచుకుంటుంది.

పాస్‌వర్డ్ నిజంగానే మరిచిపోతే, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోని రికవరీ మోడ్ నుంచి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఫైళ్లు ఎక్కడికీ పోవు. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ రహస్య పదాన్నే మరిచిపోతే మాత్రం ఈ దారి పనికిరాదు.

ఇంత చిన్న మరమ్మతుకు ‘ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకో’ అనడం అన్యాయం. ఆ ఒక్క సలహాతో పిల్లల ఫొటోలు, కొలువు కాగితాలు పోతాయి. అయితే తప్పంతా సలహా ఇచ్చినవాళ్లది కాదు, ఏమీ చెప్పని తెరది కూడా. పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా అన్నది భద్రత కోసం దాచడం సబబే. డిస్క్ నిండిందనో, డెస్క్‌టాప్ తెరుచుకోలేదనో చెబితే దొంగకు ఒరిగేదేమీ లేదు. యూజర్‌కు మాత్రం కొండంత ఊరట.

లినక్స్ డెస్క్‌టాప్‌లు తయారుచేసే గ్నోమ్, కేడీఈ బృందాలు అసలు కారణాన్ని లాగిన్ తెరతో స్పష్టంగా, తెలుగులోనూ చెప్పించాలి. పాస్‌వర్డ్ గడి పక్కనే లేఅవుట్ పేరు ఎప్పుడూ కనిపించాలి. లాగిన్‌లో ఉండబోయే లేఅవుట్‌తోనే ఇన్‌స్టాలర్ చివర్లో పాస్‌వర్డ్‌ను ఒకసారి కొట్టించుకుంటే, కీబోర్డు తేడా అక్కడే, రీబూట్‌కు ముందే బయటపడుతుంది.