కణానికి నేల కావాలి



కాలిన గాయాలతో చేరిన ఒక అమ్మాయి తల్లిదండ్రులు ఆ మధ్య మమ్మల్ని ఒక మాట అడిగారు. "ప్లాస్మాతో కొత్త చర్మం పెంచుతారని పేపర్లో చదివామండీ. మా రక్తంలోంచి ప్లాస్మా తీసి మా పాపకు పెట్టండి" అన్నారు. తండ్రి అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డారు.

వారి ప్రేమకు వంక పెట్టలేము. కానీ వారు ఇవ్వబోయింది ఒకటి, పేపర్లో వచ్చింది మరొకటి. రక్తంలోని పసుపురంగు ద్రవాన్ని ప్లాస్మా అంటాము. పేపర్లోని ప్లాస్మా మాత్రం విద్యుత్తు పారగా వెలిగే వాయువు. మన ఇంటి ట్యూబులైటు లోపల ఉండేది అదే. 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దానికి ఆ పేరు పెట్టారు. పేరు కలవడం వల్ల తికమక మనకు మిగిలింది.

ఈ వాయువుకూ చర్మానికీ సంబంధం ఏమిటి? చర్మ కణాలు ల్యాబులో పెరగాలంటే పట్టుకోవడానికి ఒక ఆధారం ఉండాలి. అందుకు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ పళ్లెం వాడతారు. మామూలు పాలిస్టైరీన్ మీద నీరు పరచుకోదు, తామరాకు మీద బొట్టులా ముద్దగా నిలుస్తుంది. అటువంటి చోట కణాలు సరిగా అంటుకోవు. ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానం మనకు తెలుసు గదా, విత్తనం మంచిదే అయినా రాతినేలను పడితే వేరు పారదు. ఇదీ అంతే.

అందుచేత పళ్లేన్ని గాలి తీసివేసిన పెట్టెలో ఉంచి, కొద్దిగా ఆక్సిజన్ వదిలి, విద్యుత్తు పంపుతారు. వాయువు వెలుగుతుంది. ప్లాస్టిక్ పైపొరలో ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. మారేది వెంట్రుక మందంలో వెయ్యోవంతు కంటే పలుచని పొర మాత్రమే, అడుగున ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే ఉంటుంది. ఇప్పుడు నీరు పరచుకుంటుంది. కణాలకు పోసే ద్రవంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే మాంసకృత్తులు దానిమీద చక్కగా కుదురుకుంటాయి. కణం వాటిని పట్టుకుని నిలబడి పెరుగుతుంది.

చర్మ కణాలను ల్యాబులో పెద్దయెత్తున పెంచే పద్ధతిని 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒళ్లంతా కాలిన ఇద్దరు అన్నదమ్ములను, పసివాళ్లను, అలా పెంచిన వారి సొంత చర్మంతో కాపాడిన వృత్తాంతం 1984లో వెలువడింది. అయితే చిక్కు ఒకటుంది. కణాలు పొరగా అల్లుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ పొరను పళ్లెం నుండి ఎంజైముతో ఊడదీయాలి, అది తడి కాగితంలా చిరిగిపోతుంది. గట్టిగా పట్టే నేల ఉంటే చాలదు, అవసరమైనప్పుడు వదిలే నేల కావాలి.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రాబర్ట్ షార్ట్, షీలా మెక్‌నీల్ బృందాలు దీనిమీద పనిచేశాయి. యాక్రిలిక్ ఆమ్లపు ఆవిరిని ప్లాస్మాగా మార్చి, సిలికోన్ రేకు మీద పలుచని పూత వేశారు. దానిపై రోగి సొంత కణాలు పెరిగాయి. పొర పూర్తిగా అల్లుకోకముందే రేకును బోర్లించి గాయం మీద పెడితే కణాలు గాయంలోకి దిగాయి. దీనిని కాలిన గాయాలకు, మానని షుగరు పుండ్లకు వాడారు, కానీ పరీక్షలు కొద్దిమంది రోగులపైనే జరిగాయి. పైగా ఇది చర్మపు పైపొరను ఇస్తుంది. లోతుగా కాలినప్పుడు పోయే కింది పొరను ఇవ్వదు.

మా అభిప్రాయం దాచము. ఈ పనిలో ప్లాస్టిక్ చవక. ఖరీదంతా కణాలను పెంచే శుభ్రమైన ల్యాబుది, అందులో శిక్షణ పొందిన మనుషులది. మనలాంటి ఆసుపత్రుల రోగులకు ఇది అందాలంటే ల్యాబు పనిని తగ్గించే పరిశోధనకు డబ్బు పెట్టాలి. అది జరగని పని కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుండి కంటి కణాలను ల్యాబులో ఉమ్మపొర మీద పెంచి అమర్చారు. అక్కడి వైద్యులే 2012లో ల్యాబు అక్కరలేని పద్ధతి ప్రకటించారు. బాగున్న కంటి నుండి తీసిన చిన్న ముక్కను మరీ చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరచిన ఉమ్మపొరపైనే పెడతారు. కణాలు కంటిలోనే పెరుగుతాయి. నేల సరైనదైతే ల్యాబు పని తగ్గించుకోవచ్చని ఇది చూపించింది.

ఇంతలో "ప్లాస్మాతో కొత్త చర్మం" అని బోర్డు పెట్టినవారు కనిపిస్తే పొలం తాకట్టు పెట్టకముందు మమ్మల్ని వచ్చి అడగండి. అది ఏ ప్లాస్మా, కణాలు ఎవరివి, ఎక్కడ పెంచారు అని వారిని కూడా అడగండి. జవాబు రాకపోతే తిరిగి వచ్చేయండి.

ఆ తండ్రికి మేము చెప్పినదే మీకూ చెబుతున్నాము. పెద్ద గాయాలకు తాత్కాలికంగా కప్పడానికి ఇప్పుడు అందుబాటులో ఉన్నది మరణించినవారు ఇచ్చిన చర్మం. 2021లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో చర్మ బ్యాంకు ప్రారంభమైంది. మరణించిన 6 గంటలలోపు తొడల నుండి, వీపు నుండి పలుచని పొర మాత్రమే తీసి కట్టు కడతారు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. రక్తం గ్రూపు కలవనక్కరలేదు. ఇష్టమున్నవారు ఆ మాట ఇప్పుడే ఇంట్లో చెప్పి ఉంచండి. ఏడ్పుల మధ్య ఎవరికీ గుర్తు రాదు.