మా రంగం మామ్మ సహనశీలి కాదు

ఈమధ్య మా బంధువులు వంశవృక్షం అచ్చువేయించి ఇంటింటికీ పంచారు. అందులో ఏడు తరాల మగవాళ్ళ పేర్లున్నాయి. మా తాత గురించి అరపేజీ రాశారు. సముద్రం దాటి రంగం వెళ్ళిన సాహసి అట, యుద్ధకాలంలో కుటుంబాన్ని కాపాడి తెచ్చిన ధీరుడట. చివర్లో మా మామ్మకి ఒక్క వాక్యం దక్కింది: ఆయన ధర్మపత్ని మహా సహనశీలి!

రంగం అంటే రంగూన్. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో అందరూ అలాగే అంటారు. పొట్ట చేతపట్టుకుని వేల మంది విశాఖపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి బర్మాకి పోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. మామ్మ 1936లో, పదహారేళ్ళ వయసులో స్టీమరెక్కింది. తాతది బియ్యం మిల్లులో కూలిపని. బయానా ఇచ్చి తీసుకెళ్ళిన మేస్త్రీ అతని కూలిలోంచి అప్పు కింద కోసుకునేవాడు. ఇల్లు గడిచింది మామ్మ పొయ్యి మీదే. ఒంటరిగా వచ్చిన పన్నెండు మంది కూలీలకి రెండు పూటలా వండిపెట్టి డబ్బు తీసుకునేది. బజారులో బేరమాడి బేరమాడి బర్మా భాష నేర్చింది. తాతకి ఆ భాష చివరిదాకా రాలేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొద్ది నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి పారిపోయారు. దొరలకి ఓడలూ విమానాలూ దొరికాయి, మనవాళ్ళలో ఎక్కువ మందికి కాలినడకే గతి అయింది. దారిలో కలరాతో, ఆకలితో వేలాది మంది చనిపోయారు. మామ్మ రెండేళ్ళ బిడ్డని చంకనేసుకుని టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి నడిచింది. తాతకి చలిజ్వరం. చెవుల కమ్మలు అమ్మి బియ్యం కొన్నదీ, పడవవాడితో వాళ్ళ భాషలో మాట్లాడి చోటు సంపాదించిందీ ఆమే. చిట్టగాంగు, కలకత్తా మీదుగా ఇల్లు చేరిన కొద్ది రోజులకే, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా బాంబులు పడ్డాయి.

ఈ కథ తాత చెబితే వీధి అరుగు మీద పదిమంది వినేవారు. మామ్మ వంటింట్లోంచి నవ్వేది. "జొరమొచ్చి తూలినోడికి దారేటి తెలుస్తాదే గుంటా? నడిపించినదాన్ని నన్నడుగు" అనేది నాతో. ఈమేనా సహనశీలి? సాహసమంతా మగవాడి ఖాతాలో వేసి, సహనం మాత్రం ఆడదాని చేతిలో పెట్టడం ఎంత పాత మోసం!

ఈ మోసం మాటలతో ఆగలేదు. కోక అంచులో కుట్టుకుని తెచ్చిన ఆరు సవర్లు ఉండేవి ఆమె దగ్గర. వండిపెట్టి కూడబెట్టినవి. వాటితో 1948లో ఎకరం మెట్ట కొన్నారు. కాగితం తాత పేరు మీద రాయించారు. ఆయన 1963లో వీలునామా రాయకుండానే పోయాడు. అప్పటికే 1956 హిందూ వారసత్వ చట్టం ఉంది. దాని ప్రకారం భర్త స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన వాటా. కానీ పదమూడో రోజు దాటగానే కొడుకులు కాగితం తెచ్చారు. మామ్మ చేతా, ఇద్దరు మేనత్తల చేతా వేలిముద్రలు వేయించారు. ఆ కొడుకుల్లో మా నాన్న ఒకడు. నా చదువుకి ఆ పొలం డబ్బే ఖర్చయింది. అందుకే ఈ మాట చెప్పాల్సిన బాధ్యత నాదే అనుకుంటున్నాను.

సొంత పొలం లేని మనిషికి ప్రయాణాలు మాత్రం తప్పలేదు. పెద్ద కొడుకు కాపురం ఖరగ్‌పూర్‌లో, రెండో కొడుకుది భిలాయిలో. ఎక్కడ పురుడైతే అక్కడికి మామ్మ వెళ్ళాలి. 1996లో, డెబ్బయ్యారేళ్ళ వయసులో, మనవరాలి పురుటికి కాలిఫోర్నియా విమానమెక్కింది. ఆరు నెలలు జీతం లేని ఆయా! అక్కడ కూరగాయల కొట్టులో ఒక బర్మా ముసలావిడ కనిపిస్తే "తమిన్ సా పీ బీ లా" అని పలకరించిందట. అన్నం తిన్నావా అని. యాభై నాలుగేళ్ళ తర్వాత! మనవలు నోరెళ్ళబెట్టారు. ఆమెకి ఆ భాష వచ్చునా అని అంతవరకూ ఎవరూ అడగలేదు మరి.

2009లో పోయేదాకా రేషన్ కార్డులో ఆమె 'గృహిణి'. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీలు జనాభా లెక్కల్లో పని చేయనివాళ్ళు. 2001 లెక్కలు గృహిణుల్ని బిచ్చగాళ్ళు, ఖైదీల సరసన చేర్చినందుకు 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. కోర్టు గ్రహించినది మన ఇళ్ళల్లో ఇంకా ఎందుకు గ్రహించరు?

చట్టాలు ముందుకు నడిచాయి. పిత్రార్జితంలో కూతుళ్ళకి పుట్టుకతో వచ్చే హక్కుని 1985లో మన ఉమ్మడి రాష్ట్రం, అప్పటికి పెళ్ళికాని వాళ్ళ వరకు, ఇచ్చింది. 2005లో పార్లమెంటు ఆ తేడా తీసేసి దేశమంతటా వర్తింపజేసింది. అయినా "కట్నం ఇచ్చాం కదా, పుట్టిల్లు కావాలా, పొలం కావాలా" అన్న ఒక్క ప్రశ్నతో సంతకాలు రాలుతున్నాయి. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, అంతే. ఈ ప్రశ్న ఏ అన్నదమ్ముడినైనా ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?

వంశవృక్షం వేసినవాళ్ళకి నేను ఉత్తరం రాశాను. అరపేజీ అడగలేదు, రెండు నిజాలు వేయమన్నాను: రంగం నుంచి కుటుంబాన్ని నడిపించి తెచ్చింది ఆమె, ఆ ఎకరం ఆమె చెమట. "చచ్చినవాళ్ళ తగువులు ఇప్పుడెందుకు" అని జవాబొచ్చింది. ఇది చచ్చినవాళ్ళ తగువు కాదు. మా మేనత్తల కూతుళ్ళు బతికే ఉన్నారు.

అక్కల్లారా, మీ ఇంట్లోనూ ఒక రంగం మామ్మ ఉండే ఉంటుంది. ఆమె ఎక్కడికెళ్ళిందో, ఏం సంపాదించిందో, ఏ కాగితం మీద ఎవరు వేలు పట్టి ముద్ర వేయించారో అడిగి రాయండి. మీ ముందుకి కాగితం వస్తే మాత్రం చదవకుండా, సలహా తీసుకోకుండా సంతకం పెట్టకండి. మంచి ఆడపిల్ల అనిపించుకోవడానికి ఒక ఎకరం ధర చాలా ఎక్కువ.