చికిత్సకు మూడవ పాదము

చికిత్సకు నాలుగు పాదములు కలవని చరక సంహిత చెప్పుచున్నది. వైద్యుడు మొదటిది, ఔషధము రెండవది, పరిచారకుడు మూడవది, రోగి నాలుగవది. పరిచారకునకు ఉండవలసిన గుణములను ఎన్నుచు ఆ గ్రంథము మొట్టమొదట పేర్కొన్నది ఉపచారజ్ఞత; అనగా ఉపచారము చేయు విధము తెలిసియుండుట. తరువాత దక్షత, ఆ పిమ్మట అనురాగము, కడపట శౌచము. రెండువేల ఏండ్లనాటి వైద్యులు విద్యను ముందుంచి, ప్రేమను మూడవ స్థానమున నిలిపిరి.

నేటి సమాజము ఈ వరుసను తలక్రిందులు చేసినది. నర్సు అనగానే దయ, త్యాగము, చిరునవ్వు స్ఫురించును గాని, విద్య స్ఫురింపదు. ఏటేట మే 12వ తేదీన, ఫ్లారెన్స్ నైటింగేల్ జన్మదినమున, నర్సులను దేవతలని పొగడుటకు వేదికలు సిద్ధమగును. దేవతకు జీతముతో పని యేమి అను తలంపు ఆ పొగడ్త వెనుకనే దాగియుండును.

దేశమున నర్సులే లేరనుట సరికాదు. 1946లో భోర్ కమిటీ తన నివేదికను సమర్పించునాటికి అవిభక్త భారతమున నర్సులు సుమారు 7,000 మంది. 43,000 జనాభాకు ఒక్కరు. నేడు నర్సింగు కౌన్సిళ్ల రిజిస్టరులలో ముప్పది లక్షలకు పైగా పేర్లు కలవు. అయితే రిజిస్టరులోని పేరు వార్డులో నిలిచి పనిచేయదు. అందు కొందరు విదేశములకు పోయిరి, కొందరు పెండ్లితో పని మానిరి, కొందరు పని దొరకినను ఆ జీతముతో బ్రతుకజాలక వేరు దారి చూచుకొనిరి. లోటు ఈ ఒక్క దేశమునదియు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ననుసరించి, 2023 నాటికి ప్రపంచమునందు 2 కోట్ల 98 లక్షల నర్సులుండగా, ఇంకను 58 లక్షల మంది కావలసియుండిరి.

ఈ లోటు ఎట్టిదో తెలియవలెనన్న రాత్రివేళ జనరల్ వార్డులో చూడవలెను. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు ఉండవలెనని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణము. ముప్పది పడకలకు, అంతకు మించియు, ఒక్క నర్సు ఉండు వార్డులు అరుదు కావు. ఆమె ముందుగా చేయునవి కేస్‌షీటులో వ్రాసియున్న పనులు: సూదిమందులు, మాత్రలు, సెలైన్లు, డాక్టరుగారి ఆదేశములు. అవి మానినచో మరునాడు సంజాయిషీ అడుగుదురు. మానినను ఎవరును అడుగని పనులు కొన్ని కలవు. కదలలేని రోగిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పి పడుకొనబెట్టుట అట్టిది. త్రిప్పనిచో ఒత్తిడి పడిన చోట నెత్తురు ఆడక చర్మము కమిలి, పుండై, ఎముకవరకు పోవును. ఊపిరి లెక్కించుట మరియొకటి. రోగి స్థితి విషమించుటకు కొన్ని గంటల ముందే తరచుగా ఊపిరి వేగము హెచ్చును. దానిని పసికట్టుటకు యంత్ర మక్కరలేదు. గడియారము చేతబట్టి పూర్తిగా ఒక నిమిషము రొమ్మువంక చూచిన చాలును. నలుబది మందికి నలుబది నిమిషములు. ఆ తీరిక లేనిచోట అంకె ఊహగా మారును.

ఇది భావావేశముతో అనుమాట కాదు, లెక్కలు కలవు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన రోగులను పరిశీలించి 2002లో ప్రకటించిన అధ్యయనమున, నర్సుకు ఒక్క రోగి అదనముగా చేరినకొలది, ముప్పది దినములలో రోగి మరణించు అవకాశము 7 శాతము చొప్పున పెరిగినట్లు తేలినది. 2014లో తొమ్మిది ఐరోపా దేశముల లెక్కలు చూచినప్పుడును ఇంచుమించు అదే అంకె వచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రము ఈలోపుననే, 1999లో, నర్సుకు ఇందరు రోగులను మించరాదని చట్టము చేసి 2004 నుండి అమలు జరిపినది.

తెలుగునాట ఈ లోటును పూడ్చుచున్నవారు రోగి బంధువులు. భార్యయో, తల్లియో, అక్కయో పడక ప్రక్కన నేలపై చాప పరచుకొని, సెలైను సీసావంక చూచుచు రాత్రంతయు మేలుకొనును. సీసా అయిపోవచ్చినప్పుడు “సిస్టరమ్మా” అని కేకవేయుచు వరండాలో పరుగెత్తును. ఆమెకు అనురాగము కొదువలేదు, లేనిది ఉపచారజ్ఞత. మరునాడు ఆపరేషను కలవానికి నోట ఏమియు పోయరాదని చెప్పియున్నను, దాహమని అతడు అలమటించుచుండగా చూడలేక గుక్కెడు నీళ్లు పోయును. కూలి పోవును. ఇంటివద్ద చిన్నపిల్లలను చూచుకొనుటకు పెద్దపిల్ల బడి మానును. పల్లెటూరి ఉపాధ్యాయుల హాజరుపట్టీలలో ఆసుపత్రి నర్సుల కొరత ఈవిధముగా గైర్హాజరుగా నమోదగుచున్నది.

ప్రభుత్వములు ఊరకున్నవని చెప్పరాదు. 2023లో కేంద్రము వైద్య కళాశాలల సరసనే 157 నర్సింగు కళాశాలలు నెలకొల్ప నిర్ణయించినది. కళాశాల నర్సును తయారు చేయగలదే గాని, వార్డులో నిలుపజాలదు. 2014లో ఇరాకునందలి తిక్రిత్ పట్టణము ఉగ్రవాదుల వశమైనప్పుడు, అచట చిక్కుకొన్న 46 మంది భారతీయ నర్సులలో పలువురు చదువునకై చేసిన అప్పు తీరనందున తిరిగివచ్చుటకు మొదట తటపటాయించిరి. బాంబులకంటె బాకీ వారిని భయపెట్టినది. వారిలో అత్యధికులు కేరళీయులు. నేడు తెలుగు యువతులును ఆ బాట పట్టుచున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థయే జర్మను భాష నేర్పించి నర్సులను జర్మనీకి పంపుచున్నది. పోవువారిని తప్పుపట్టుట అన్యాయము. వారి విద్యకు విలువ కట్టిన చోటికి వారు పోవుచున్నారు.

పదవ తరగతి పిల్లలను ఏమి కాదలచితిరని అడిగినప్పుడు డాక్టరు నగుదుననువారి చేతులు పది లేచును. నర్సు నగుదునను బాలిక ఒక్కతె ఉన్నను, “అదేమి, డాక్టరువు కాలేవా?” అన్న ప్రశ్న ఇంటను, బడిని ఎదురగును. అరువదిమంది పిల్లల తరగతిలో వెనుక బల్లపై మౌనముగా కూర్చున్న పిల్లవాడు ఎట్లు వెనుకబడునో ఎరిగిన ఉపాధ్యాయునకు, ముప్పది పడకల వార్డులో గోడప్రక్క రోగి సంగతి విడమరచి చెప్ప నక్కరలేదు. ఆ బాలికకు పాఠముతోపాటు ఆ వార్డు సంగతియు అతడు చెప్పగలడు.

ఆమె తండ్రి మాత్రము జీతమెంత అని అడుగును. సుప్రీంకోర్టు ఆదేశముపై 2016లో ఏర్పడిన సంఘము, ఏబదికి లోపు పడకలు గల ప్రైవేటు ఆసుపత్రులలో సయితము నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసినది. అమలు బాధ్యత రాష్ట్రములపై పడినది. అంతకంటె తక్కువ జీతమునకు రాత్రి డ్యూటీలు చేయుచున్నవారు చిన్న పట్టణముల ఆసుపత్రులలో నేటికిని కలరు.