మట్టెవాడ ముచ్చట్లు - 17: చీపురు ఎవరి చేతిలో ఉంది?

మిత్రులారా, ఈసారి ముందు తిట్టుకోవాల్సింది మనల్ని మనమే.

ఈ ఏప్రిల్ 14న మట్టెవాడ నుంచి ఇరవై మందిమి బండ్ల మీద బయల్దేరాం. నగర శివారులో ఉన్న ఒక ఆశ్రమానికి పోయాం. మతిస్థిమితం లేనివాళ్ళను ఉంచే చిన్న హోమ్ అది. పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. బాబాసాహెబ్ ఫొటోకు దండ వేశాం. అరటిపళ్ళు పంచాం. ఫొటోలు దిగాం. గంటలో వాపస్. లైకులు బాగానే వచ్చాయి.

ఆ హోమ్‌లోనే మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. డిగ్రీ చదివినవాడు. పండు చేతిలో పెడుతుంటే మెల్లగా అన్నాడు: "తమ్మీ, బాత్రూములు కడుగుడు ఒడిస్తేనే నాకు చాయ్ పోస్తరు."

మేనేజర్‌ను అడిగాను. "అది థెరపీ అన్నా, పని చేస్తే మనసు కుదురుతది" అన్నాడు.

సరే, థెరపీయే అనుకుందాం. అదే గదిలో ఉండే ఒకతను చెట్లకు నీళ్ళు పోస్తాడు. ఇంకొకాయన పూజకు పూలు కోస్తాడు. బాత్రూమ్ థెరపీ మాత్రం మా అన్నకూ, మరో ఇద్దరికీ. ఆ ఇద్దరూ ఏ వాడ నుంచి వచ్చారో కనుక్కున్నాను. మీకు వేరే చెప్పాలా?

జబ్బు చేస్తే లోకం మన చదువు మరిచిపోతుంది, పేరు కూడా మరిచిపోతుంది. కులాన్ని మాత్రం మరిచిపోదు.

ఇప్పుడు చట్టం చూద్దాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 20వ సెక్షన్ చదవండి. హోమ్‌లో ఉన్న మనిషితో బలవంతంగా పని చేయించకూడదు. చేసిన పనికి తగిన కూలి ఇవ్వాలి. గుండు గీయకూడదు. ఇష్టమైతే సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. 21వ సెక్షన్ వివక్ష కూడదంటూ కులం పేరు స్పష్టంగా రాసింది. 95వ సెక్షన్ ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

ఆ గొలుసుల మాట ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ప్రైవేటు హోమ్ తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలింది ప్రేమ లేనివాళ్ళేం కాదు. ఎక్కువమంది వేరే దారి లేని పేదలే.

"ఉచితంగా అన్నం పెడుతుంటే తప్పులు వెతుకుతావా?" అని కొందరు మిత్రులు అడిగారు. వాళ్ళ మాటలో సగం నిజం ఉంది. సర్కారు చేయాల్సిన పని ఈ హోమ్‌లు చేస్తున్నాయి. మన పక్కనే ఎంజీఎం ఉంది, మందులు రాస్తారు. ఆ తర్వాత మనిషి ఎక్కడ ఉండాలి? పెద్ద ఆస్పత్రి అంటే హైదరాబాద్ ఎర్రగడ్డే. "నేను కూలికి పోతే వాణ్ని ఎవరు చూస్తరు బిడ్డా?" అని పెద్దమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. కోలుకునేవాళ్ళు ఉండే హోమ్‌లు ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వమేనని 18వ సెక్షన్ చెబుతోంది. సరిపడా చేయలేదు. ఆ ఖాళీలోకి "సేవ" వచ్చి కూర్చుంది.

సేవ అన్న మాటతోనే నా పేచీ. సేవ చేసేవాణ్ని లెక్క అడగకూడదు, దండం పెట్టాలి. హక్కు అయితే లెక్క అడగొచ్చు. మనం చదువుకున్నది లెక్క అడగడానికే కదా?

చిన్న హోమ్ చెడ్డదని నేననను. పది మంది ఉన్న ఇంట్లో ప్రతి ఒక్కరినీ పేరుతో పిలవొచ్చు. ఎవరు నిద్రపోలేదో, ఎవరు అన్నం ముట్టలేదో పొద్దున్నే తెలుస్తుంది. చిన్నతనం అందుకు పనికి రావాలి, నలుగురి కంట పడకుండా ఉండటానికి కాదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి పోయేటప్పుడు పళ్ళతో పాటు ఈ ప్రశ్నలు పట్టుకుపోండి. రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్ట్ చివరిసారి ఎప్పుడొచ్చారు? ఎవరికి ఏ మందు ఇస్తున్నారో రాసి పెట్టారా? ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా? రాత్రి తలుపుకు బయట తాళం వేస్తారా, వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర? బాత్రూములు ఎవరు కడుగుతారు, కూలి ఎంత? ఇంటికి ఎప్పుడు పోతారో ఎవరైనా ఆలోచించారా?

జవాబు రాకపోతే ఫిర్యాదు రాయించండి. రోగికీ, తను నియమించుకున్న ప్రతినిధికీ ఆ హక్కు 28వ సెక్షన్ ఇచ్చింది. ముందు హోమ్ బాధ్యులకు, తర్వాత రివ్యూ బోర్డుకు, ఆపైన రాష్ట్ర అథారిటీకి. ఉచిత న్యాయసాయం 27వ సెక్షన్‌లో ఉంది.

పోయిన ఆదివారం నేను మళ్ళీ పోయాను, కాగితం పట్టుకొని. మేనేజర్ ముఖం మాడ్చుకున్నాడు. రెండు ప్రశ్నలకే జవాబు చెప్పాడు. కానీ ఆ పూట మా అన్న బాత్రూమ్ కడగకుండానే చాయ్ తాగాడు.

ఒక్క పూట. మిగతా పూటల సంగతి చూడాల్సింది మనమే.

జై భీమ్.