ఉద్యోగాలు పోయింది రోబోల వల్లా.. చైనా వల్లా? గ్రాఫ్ గీసే తీరును బట్టి మారిపోతున్న జవాబు!

అమెరికా ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఎందుకు పోయాయి? ఈ చర్చ ఎప్పుడు వచ్చినా ఒక గ్రాఫ్ తెరపైకి వస్తుంది. అందులో రెండే గీతలు. ఉత్పత్తి గీత పైకి, ఉద్యోగాల గీత కిందికి. మొసలి నోరు తెరిచినట్టుండే ఆ బొమ్మ చూడగానే ఎవరికైనా అనిపించేది ఒకటే.. సరుకు పెరిగింది, మనుషులు తగ్గారు, అంటే రోబోలే ఉద్యోగాలు తినేశాయని. కానీ విషయం అంత సింపుల్ కాదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 1979 జూన్‌లో తయారీ రంగంలో సుమారు 1.95 కోట్ల మంది పనిచేసేవారు. 2000 మొదట్లో ఆ సంఖ్య 1.73 కోట్లు. 2010 మొదట్లో 1.15 కోట్లు. అంటే తొలి 20 ఏళ్లలో తగ్గింది 22 లక్షలైతే.. ఆ తర్వాత పదేళ్లలోనే దాదాపు 58 లక్షల ఉద్యోగాలు పోయాయి.

ఇప్పుడు దీన్నే రెండు రకాలుగా గీసి చూద్దాం. మొత్తం ఉద్యోగాల్లో ఫ్యాక్టరీల వాటా ఎంతో 1950ల నుంచి గీస్తే, 30 శాతం పైనుంచి 9 శాతం దగ్గరికి నిదానంగా జారే గీత వస్తుంది. ఇదంతా ఎప్పటి నుంచో జరుగుతున్నదే, యంత్రాల ప్రభావమే అనిపిస్తుంది. అదే 1979 నుంచి ఉద్యోగాల సంఖ్యను గీస్తే, 2000 తర్వాత కొండ అంచు నుంచి పడిపోయినట్టు కనిపిస్తుంది. చైనా డబ్ల్యూటీవోలో చేరింది 2001 డిసెంబర్‌లో. దాంతో వేలు చైనా వైపు తిరుగుతుంది.

పైకెళ్లిన గీతలోనే అసలు ట్విస్ట్

ఉత్పత్తి గీత ఎందుకు పెరిగిందో ఆర్థికవేత్త సుసాన్ హౌస్‌మన్ తవ్వి చూశారు. అదే ధరకు మరింత వేగంగా పనిచేసే కంప్యూటర్ వస్తే, గణాంకాల్లో అది ఉత్పత్తి పెరిగినట్టే లెక్క. కంప్యూటర్ల సంఖ్య పెరగక్కర్లేదు. ఈ కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పక్కనపెడితే మిగతా తయారీ రంగంలో ఉత్పత్తి పెద్దగా పెరగలేదని ఆమె తేల్చారు. అంటే మొసలి పై దవడ చాలావరకు కిందికి దిగిపోయినట్టే!

2000-2010 మధ్య పోయిన ఉద్యోగాల్లో 88 శాతం ఉత్పాదకత పెరగడం వల్లేనని 2015లో బాల్ స్టేట్ యూనివర్సిటీ నివేదిక చెప్పింది. అయితే ఎక్కువ మంది చేతులు అవసరమైన పనులు విదేశాలకు తరలిపోతే, మిగిలిన ఫ్యాక్టరీల సగటు ఉత్పాదకత దానంతటదే పెరుగుతుంది. అందులో రోబో వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు.

మరోవైపు డేవిడ్ ఆటర్, డారన్ ఆసిమోగ్లు బృందం 1999-2011 మధ్య చైనా దిగుమతుల పోటీతో 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని అంచనా వేసింది. ఇందులో ఫ్యాక్టరీల బయట పోయినవి కూడా ఉన్నాయి. అలాగని రోబోలకు క్లీన్‌చిట్ ఇవ్వలేం. రోబోలు ఎక్కువగా వచ్చిన ప్రాంతాల్లో ఉద్యోగాలు, జీతాలు రెండూ తగ్గాయని ఇదే ఆసిమోగ్లు మరో పరిశోధనలో చూపించారు.

మనకేంటి సంబంధం?

కారణం ఏదంటే దాన్ని బట్టే మందు. రోబోలంటే కార్మికులకు కొత్త శిక్షణ. దిగుమతులంటే సుంకాలు. ఫ్యాక్టరీలను వెనక్కి తెస్తామంటూ ట్రంప్ ఎంచుకున్నది రెండోది. 2025 ఆగస్టులో భారత్ సరుకులపై సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ ఆంధ్రా రొయ్యల రైతుకూ తగిలింది. పైగా తిరిగొచ్చే ఫ్యాక్టరీ 1979 నాటిది కాదు. మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ ఉండేది.

గ్రాఫ్ కనిపిస్తే ఏం చూడాలి?

ఏ ఏడాది నుంచి మొదలైంది? సంఖ్యా, శాతమా? రెండు గీతలకు రెండు వేర్వేరు స్కేళ్లు పెట్టారా? దేశం మొత్తం సగటు ఒక్కటే చూపించారా? ఈ నాలుగో ప్రశ్న చాలా కీలకం. ఎందుకంటే నార్త్ కరోలినాలో ఫర్నిచర్, బట్టల మిల్లుల మీద బతికిన ఊళ్లకు తగిలిన దెబ్బ దేశం సగటులో కనిపించదు. మ్యాప్ వేస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఏఐతో ఉద్యోగాలు పోతాయంటూ ఇలాంటి గ్రాఫులే ఫోన్లలో తిరుగుతున్నాయి. ఫార్వర్డ్ చేసే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.