పాట పెట్టేవారికి పాట తెలియాలి

రేడియో జాకీ అంటే గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవారని మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో మాటకారితనం తర్వాతి సంగతి. పాడిన మనిషిని, ఆ పాట పుట్టిన వాడను ఎరిగి ఉండటమే ఆ ఉద్యోగానికి అసలు అర్హత.

అమెరికాలోని మెంఫిస్‌లో నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి ఉపాధ్యాయుడు ఉండేవారు. హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. బ్లూస్ పాటలకు పేరుపడ్డ బీల్ వీధిలో కొత్త గాయకుల పోటీలకు ఏళ్ల తరబడి వ్యాఖ్యాతగా ఉన్నారు. శ్రోతలు లేక ఇబ్బంది పడుతున్న డబ్ల్యు.డి.ఐ.ఏ. అనే రేడియో స్టేషన్ 1948 అక్టోబరులో ఆయనను మైకు ముందు కూర్చోబెట్టింది. యజమానులు తెల్లవారే. మొదటిరోజు ఏం మాట్లాడాలో మరిచిపోయి గట్టిగా నవ్వేశారట! ఆ నవ్వే తర్వాత ఆయన గుర్తయింది. బడి మాత్రం మానలేదు. పగలు పాఠం, సాయంత్రం పాట. రాక్ అండ్ రోల్‌కు వేర్లు అలాంటి పాటల్లోనే ఉన్నాయి. ఆయన శిష్యుడు రూఫస్ థామస్, ప్రసిద్ధ గాయకుడు బి.బి. కింగ్ కూడా అదే స్టేషన్‌లో జాకీలుగా పనిచేశారు. 1954లో ఆ స్టేషన్ 50,000 వాట్లకు పెరిగింది.

అంత దూరం ఎందుకు, జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న దళిత మహిళలే సంగం రేడియో ప్రారంభించారు. విత్తనాల ముచ్చట్లు, పండుగ పాటలు వాళ్ల యాసలోనే వినిపించారు.

నేనూ ఒకచోట ఆడిషన్‌కు పోయాను. నా నడిగడ్డ యాస విని నవ్వుకున్నారు. హీరోల పుట్టినరోజులు అడిగారు. పండుగ సాయన్న ఎవరని అడిగితే చెప్పేవాణ్ణి. పెద్దోళ్లను దోచి పేదలకు పంచాడని పాలమూరు జనం పాడుకునే ఆ వీరుని కథను 12 మెట్ల కిన్నెర మీద పాడిన దర్శనం మొగిలయ్య మన నాగర్‌కర్నూల్ జిల్లా వారే. 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో ఆయన గొంతు వినిపించినప్పుడు హీరో పేరు చెప్పిన జాకీలే ఎక్కువ. కిన్నెర గురించి రెండు మాటలు చెప్పడానికి ఎంత సమయం పడుతుంది?

ఈ ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ అవ్వ పాడే నాట్ల పాటను ఫోన్‌లో రికార్డు చేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నదో, ఎవరి పొలంలో పాడిందో అడిగి పక్కనే రాసుకోండి.