డివిడెండు మోజు - లెక్కల లేమి

పామిడి బజారులో బట్ట కొనువాడు ఊరక కొనడు. అంచు త్రిప్పి చూచును. నూలు నలిపి చూచును. రంగు నిలుచునా యని యడుగును. పది రూపాయలు తగ్గింపుమని గడియసేపు వాదించును. ఆ మనుష్యుడే తన యేడాది మిగులును కంపెనీ వాటాలలో పెట్టునపుడు ఎవ్వరి నేమియు నడుగడు. "డివిడెండు బాగుగ నిచ్చునట, ధర పడియున్నదట" - ఈ రెండు 'అట'లే అతనికి ప్రమాణములు. ఈ గ్రుడ్డినమ్మకమును గూర్చి కొంచెము కఠినముగనే వ్రాయదలచితిమి.

రెండవ రాబడి యొకటి కావలెననుట అనంతపురము సీమలో అత్యాశ కాదు. వాన తప్పిన యేట వేరుసెనగ తప్పును. వేరుసెనగ తప్పిన యేట అంగడి బేరము తప్పును. వకీలు ఫీజును తప్పును. మేఘముపై నాధారపడని యాదాయ మెవరికి చేదు? వాటాలు జూదమని దూరముగ నుండుమనువారు గలరు. అగ్రిగోల్డునకు డబ్బు కట్టి వసూలుగాక కుమిలిన లక్షలమంది వాటాలు కొన్నవారు కారే! చూడక పెట్టిన ధనము ఎచ్చట పెట్టినను జూదమే.

ఆంధ్రాబ్యాంకు కథ చూడుడు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో నెలకొల్పిన ఈ బ్యాంకు 1980లో జాతీయమయ్యెను. 2001లో దాని వాటాలు ప్రజలకు విక్రయింపబడెను. 2011-12లో పదిరూపాయల వాటాకు 5 రూపాయల 50 పైసల డివిడెండు! బజారు ధర నూరు రూపాయల కటునిటు. పుస్తకపు విలువ అంతకు మించియుండెను. స్వదేశాభిమానము సరేసరి. చవుక యనుట కింకేమి కావలెను? కాని బ్యాంకునకు పుస్తకపు విలువ యనగా నేమి? ఇచ్చిన యప్పులు వసూలగునను నమ్మికపై నిలిచిన యంకె. ఆ నివేదికలలోనే, డివిడెండు పంక్తికి కొన్ని పుటల యవతల, రానిబాకీల పంక్తి పెరుగుచు వచ్చెను. దానిని చదివినవా రెందరు? 2017-18లో నష్టము 3,400 కోట్లు దాటెను, డివిడెండు లేదు. 2020 ఏప్రిలు 1న బ్యాంకు యూనియను బ్యాంకులో లీనమయ్యెను. వేయి వాటాలకు 325 వాటాలు చేతికి వచ్చెను. దాచిపెట్టిన రహస్య మిందేమియు లేదు. అంతయు అచ్చయియే యున్నది.

లెక్కలే యబద్ధములైనచో నని యడుగుదురు. ప్రశ్న న్యాయమే. సత్యం కంప్యూటర్సు డివిడెండు లిచ్చుచునే యుండెను. 2009 జనవరి 7న దాని యధ్యక్షుడే లెక్కలు కల్పితములని వ్రాసియిచ్చెను. అట్టిచోట చదివినవాడును మోసపోవును. కావున ఉన్నదంతయు ఒక్క కంపెనీలో పోయరాదు.

గడువుదాక తలుపు మూసియుంచు క్లోజ్డ్ ఎండు ఫండుల సంగతియు నింతే. 1994లో మోర్గాన్ స్టాన్లీ ఫండు కొరకు జనము బారులు తీరిరి. అది బజారునకు వచ్చిన పిమ్మట ఏండ్లతరబడి తన యాస్తి విలువకంటె తక్కువకే యమ్ముడుపోయెను. పది రూపాయల యాస్తి గల యూనిటు ఎనిమిదింటికి దొరకి, యెనుబది పైసలు పంచినచో, కొన్నవానికి నూటికి పది గిట్టును. మంచిదే. కాని ఆ యెనుబది పైసలు సంపాదనలోనివా, మూలధనమునుండి తీసినవా? ఏటి ఖర్చు లెంత? గడువు ముగియు టెన్నడు? అప్పుడే కదా ఆస్తి విలువకు లెక్క తేలునది!

ఇవి చదువనిది సోమరితనముచేతనే యనిన నన్యాయమగును. తెలుగువారి ధనముతో పెరిగిన కంపెనీలు తమ వార్షిక నివేదికలను ఇంగ్లీషున వందలకొలది పుటలు వ్రాయుచున్నవి. సొంతదారునకు తెలియని భాషలో లెక్క చెప్పు గుమాస్తాను ఏ షావుకారు సహించును? మన పఠనమందిరములు ఐదారు కంపెనీల పదేండ్ల నివేదికలను తెప్పించి, లాభము, చేతికందిన రొక్కము, అప్పు, డివిడెండు అను నాలుగు పంక్తులను తెలుగున వ్రాసి గోడకంటింపవలెను. ఖర్చు కాగితముల మాత్రమే. వాటాదారులు సర్వసభ్యసభలో లేచి, తెలుగు నివేదిక యేదీ యని యడుగవలెను. అట్లడుగుటకు పేర నొక్క వాటా యున్న చాలును.